అనధికార బిగింపు

మా కార్యాలయంలో ఏ వస్తువు కొనాలన్నా ముందు నేనొక పట్టిక గీయాలి. దాన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. ముగ్గురు వర్తకులు, వాళ్లు రాసిచ్చిన వివరాలు, అడ్డంగా నిలువుగా ఎర్ర గీతలు. చీపుళ్ల దగ్గర్నుంచి జనరేటర్ల దాకా, నా గీతల మధ్య నుంచి దూరకుండా మా విభాగంలోకి ఏదీ రాలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా లేదు. నా పేరు జగ్గారావు. జిల్లా సంచార సేవల వాహన విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఈ సంగతి ఇదివరకు పెళ్లిళ్లలో కూడా గొంతెత్తి చెప్పుకునేవాణ్ని. ఈమధ్య ఎవరైనా అడిగితేనే చెబుతున్నాను.

పట్టికకు సూత్రం ఒక్కటే: తక్కువ అంకెదే గెలుపు. ఎప్పుడో ఒక అధికారి మంచి కుర్చీలు కావాలని కాస్త ఎక్కువ పెట్టి కొన్నాడట. కుర్చీలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అధికారి మాత్రం ఎంక్వయిరీలకు తిరిగి తిరిగి మంచం పట్టాడు. ఆ తర్వాత పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ‘పట్టికలోని ప్రతి గడియందును తక్కువ అంకె గల వస్తువునే ఎంపిక చేయవలెను. ఎక్కువ అంకె గల వస్తువును కోరువారు కారణములను రాతపూర్వకముగా తెలిపి, పరిణామములకు వ్యక్తిగత బాధ్యత వహించవలెను.’ రాసినాయన మనసులో ఉన్నది ధర ఒక్కటే అయ్యుంటుంది. కానీ కాగితం మీద ‘ప్రతి గడి’ అని పడింది. మాకు మనసులతో పని లేదు, కాగితంతోనే పని. కారణం రాసి బాధ్యత నెత్తినేసుకున్న మొనగాణ్ని నేనింతవరకూ చూడలేదు.

మా విభాగానికి ముప్పై ఎనిమిది వ్యాన్లున్నాయి. నర్సులనూ టీకా మందులనూ కొండ మీది ఊళ్లకు చేర్చడం వాటి పని. పదిహేడో నంబరు వ్యాను డ్రైవరు అప్పలసూరికి యాభై ఆరేళ్లు. ఒకనాడు కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుని నా టేబులు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఏమైంది అప్పలసూరీ?” అన్నాను.

“ఏటవుద్ది బాబూ, గాటీలో టైరు పంచరైపోనాది. నట్టు తుప్పట్టీసి రాదే! స్పానరు మీదకెక్కి గెంతినాను. అది జారిపోనాది, నేను పడిపోనాను. బుజం ఊడొచ్చీసింది. రెండు గంటలు రోడ్డు మీదే ఉండిపోనాం. టీకాల పెట్టిలో అయిసంతా నీరైపోనాది. సిస్టరమ్మ ఏడుపొకటే తక్కువ.”

సిస్టరమ్మంటే నర్సు సన్యాసమ్మ. ఆ రోజు కొండ మీద పాతికమంది తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఎదురుచూసి, చూసి, పొలాలకు వెళ్లిపోయారట. మళ్లీ వాళ్లను కూడగట్టడానికి నెల పట్టింది.

“డాక్టరు ఇంక స్పానరు తొక్కొద్దన్నాడు బాబూ. టైరు సాపులో బేటరీ మిసనుంటాది గదా, బుర్రుమని ఊడదీసెత్తాది, అదొకటి ఇప్పించండి. నా కోసమే గాదు, అందరికీ పనికొత్తాది” అన్నాడు.

అడిగింది న్యాయమే. ఆ మిషను పేరు ఇంపాక్ట్ రెంచి అనీ, తీగ లేకుండా బ్యాటరీతో నడిచేవి వచ్చాయనీ తెలుసుకోవడానికి బస్టాండు వెనక మస్తాన్ టైరు షాపుకు వెళ్లాను. మస్తాన్ ఒక కారు చక్రం ఐదు నట్లూ నేను ముక్కు చీదుకునేలోగా ఊడదీశాడు.

“కొనేటప్పుడు ముందు తిప్పే బలం చూడండి సార్. పెట్టె మీద న్యూటన్ మీటర్లని రాసుంటది. నట్టు బిగించడానికి నూరో నూట ఇరవయ్యో చాలు. తుప్పు పట్టింది ఊడాలంటే దానికి మూడింతలు కావాలి. నాలుగొందలున్నది తీసుకుంటే మీకు దిగులుండదు. బ్యాటరీ పెద్దదుండాలి. ఇంకో మాట, దీంతో ఊడదీయండి గానీ, బిగించేటప్పుడు చివరాఖరికి చేతి స్పానరే వెయ్యండి. చక్రం సార్, ఆటలు కాదు.”

ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని వచ్చాను. వస్తువు వాడేవాణ్ని అడిగి తెలుసుకోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. తీరా వచ్చాక నా పట్టికలో మస్తాన్ మాటకు గడి లేదు. కాగితం సొరుగులో పెట్టేశాను.

కొనుగోలు కమిటీ మంగళవారం కూర్చుంది. అధ్యక్షులు మా డిప్యూటీ డైరెక్టరు కోదండపాణి గారు. సాంకేతిక సభ్యుడు గణాంకాధికారి భుజంగరావు గారు. ఆయన ఒకసారి జిరాక్సు మిషనులో ఇరుక్కున్న కాగితాన్ని చింపకుండా బయటికి లాగారు, అప్పట్నుంచి మా జిల్లాలో యంత్రాలన్నిటికీ ఆయనే దిక్కు.

“ధర?” అన్నారు కోదండపాణి గారు.

“మూడో వర్తకుడిది తక్కువండి” అన్నాను.

“బరువు?”

“మూడో వర్తకుడిదేనండి.”

“చార్జింగు సమయం?”

“మూడో వర్తకుడిదేనండి.”

“గమనించితిరా భుజంగరావు గారూ! గడులన్నీ ఏకగ్రీవముగా ఒకే వైపు మొగ్గుచున్నవి. పారదర్శకత అనగా ఇదియే.” ఆఫీసు కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆయన ఫైలులాగే మాట్లాడతారు. “తిప్పు బలము?”

“మొదటిది నాలుగు వందల యాభై, రెండోది మూడు వందల ఇరవై, మూడోది నలభై ఐదు.”

“మూడోదే సర్. మొదటిదాంట్లో సరిగ్గా పదో వంతు. ఇంత స్పష్టమైన తేడా ఈమధ్య ఏ పట్టికలోనూ చూళ్లేదు” అన్నారు భుజంగరావు గారు.

“గ్యారంటీ?”

“మొదటివాడు రెండేళ్లు, రెండోవాడు ఏడాది. మూడోవాడు ఇవ్వనన్నాడండి.”

“అనగా సున్నా.”

“సున్నాయేనండి.”

కోదండపాణి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “సున్నా కంటే తక్కువ అంకె లేదు గదా!” అన్నారు, చాలా తృప్తిగా.

అప్పలసూరిని వరండాలో కూర్చోబెట్టి ఉంచాను. వాడుకదారుడి అభిప్రాయం కూడా నమోదు చేయాలని నియమం ఉంది కాబట్టి లోపలికి పిలిచాం. మూడో పెట్టె మీది బొమ్మ చూసి అతను తెల్లబోయాడు.

“బాబూ, ఇది మంచాలకి మర మేకులు బిగించీ మిసను. చక్రం నట్టుకి ఇదేటి సేత్తాది? బలం ఎక్కువుండాల గదా!”

“ఎక్కువ కావలెనన్న కారణము రాతపూర్వకముగా ఇచ్చి బాధ్యత వహించవలెను. నీవు వహింతువా?”

“నాకు సంతకమే సరిగా రాదు బాబూ.”

అప్పుడు అప్పలసూరి నా వైపు చూశాడు. నాకు రాయడం వచ్చు. సొరుగులో మస్తాన్ మాటలు రాసుకున్న కాగితం ఉంది. నేను స్కేలు తీసి, మూడో వర్తకుడి గడుల కింద ఎర్ర గీత గీశాను. గీత తిన్నగానే వచ్చింది.

ముప్పై ఎనిమిది రెంచీలు వచ్చాయి. ఆవరణలో షామియానా వేశాం. పదిహేడో నంబరు వ్యానుకు పసుపు రాసి, రెంచికి చేమంతి దండ వేసి, కొబ్బరికాయ కొట్టాం. కోదండపాణి గారు రెంచిని స్వహస్తాలతో నట్టుకు తగిలించి మీట నొక్కారు. రెంచి బుర్రుమంది. దండ గిర్రున తిరిగింది. నట్టు కదల్లేదు. రెండోసారి నొక్కారు. ఈసారి దండ తెగి భుజంగరావు గారి మొహాన పడింది.

అందరం కోదండపాణి గారి మొహం వంక చూస్తున్నాం. ఆయన ఏమాత్రం తొణకలేదు. “ఈ పనిముట్టు నిబంధనల ప్రకారము ఎంపికైనది. ఈ నట్టు ఏ నిబంధన ప్రకారము బిగించబడినది?” అన్నారు.

ఫైళ్లన్నీ వెతికించారు. నట్లు ఎంత బిగించాలో చెప్పే ఉత్తర్వు మా విభాగంలో ఏనాడూ జారీ కాలేదని తేలింది. ఇన్నేళ్లుగా డ్రైవర్లు ఎవడికి తోచినట్టు వాడు, ఊడిపోకుండా బిగించేస్తూ వచ్చారన్నమాట. ఈ అరాచకానికి మర్నాడే తెరపడింది. ఉత్తర్వు నేనే టైపు చేశాను. ‘ఇకమీదట వాహన చక్రముల నట్లను సదరు రెంచి చేతనే బిగించవలెను. చేతి స్పానరుతో బిగించుట అనధికార బిగింపుగా పరిగణించబడును. ఏ పనిముట్టు బిగించునో ఆ పనిముట్టే ఊడదీయగలదు గనుక, సమస్య శాశ్వతముగా పరిష్కరింపబడినది.’

తర్కంలో తప్పు పట్టడానికి లేదు. నేను రెండుసార్లు చదివాను.

ఉన్న నట్లను ఒక్కసారికి వదులు చేయించడానికి మస్తాన్‌కు కబురు పెట్టాం. “నేను బిగించి పంపేవాణ్ని సార్. వదులు చేసి రోడ్డు మీదికి పంపమంటే నా చేతులు రావు” అని వెళ్లిపోయాడు. డ్రైవర్లే స్పానర్లు తొక్కి ఊడదీసి, కొత్త రెంచితో మళ్లీ బిగించారు. ఆ స్పానర్లను స్టోరులో పెట్టి తాళం వేశాం. అప్పలసూరి తన స్పానరు పోయిందని చెప్పాడు. పోగొట్టుకున్నందుకు అతనికొక మెమో ఇచ్చాను.

మళ్లీ షామియానా వేశాం. ఈసారి ఐదు నట్లూ వెన్నలా వచ్చేశాయి. చప్పట్లు మోగాయి. చక్రం మార్చడానికి ఇదివరకు సగటున నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు మూడు నిమిషాలని భుజంగరావు గారు గ్రాఫు గీశారు. రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పక్క జిల్లావాళ్లు బస్సు వేసుకుని వచ్చి, మా పద్ధతి నోటు పుస్తకాల్లో రాసుకుని వెళ్లారు.

పదో రోజున ఇరవై రెండో నంబరు వ్యాను బజారులో మలుపు తిరుగుతుంటే ముందు చక్రం వ్యానును వదిలేసి తన దారిన తాను వెళ్లి, ఒక టిఫిను సెంటరులో రుబ్బిన పిండి గిన్నెలో పడింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అత్యవసర సమావేశం జరిగింది.

“చక్రము తనంతట తాను విడివడిన సందర్భమున, ఊడదీయుటకు పట్టిన కాలమెంత?” అని అడిగారు కోదండపాణి గారు.

“సున్నా సర్. దానివల్ల సగటు ఇంకా తగ్గింది” అన్నారు భుజంగరావు గారు.

అయినా ముందుజాగ్రత్తగా ఇంకో ఉత్తర్వు ఇచ్చాం. వ్యాన్లు గంటకు పదిహేను కిలోమీటర్లు దాటరాదు. ప్రతి కిలోమీటరుకూ ఆగి, ఇరవై నట్లనూ రెంచితో మళ్లీ బిగించుకోవాలి. బ్యాటరీ గడిలో కూడా తక్కువ అంకే గెలిచింది కాబట్టి, నాలుగో కిలోమీటరుకు రెంచి నోరు మూసుకునేది. సన్యాసమ్మ రెండు మూడు రోజులు ఓపిక పట్టింది. తర్వాత టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లసాగింది. వ్యాను కొండెక్కేసరికి ఆమె టీకాలేసి దిగి వస్తూ ఎదురయ్యేది.

మరి పదిహేడో నంబరు వ్యానొక్కటీ ఎప్పటిలా పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా ఎలా తిరిగొస్తోందని భుజంగరావు గారికి అనుమానం వచ్చింది. సన్యాసమ్మ కూడా ఆ వ్యాను దొరికిన రోజున మాత్రం నడవడం లేదు. ఒక శుక్రవారం గుమ్మడిగూడలో నొప్పులు పడుతున్న ఒక పిల్లను ఎక్కించుకుని, అప్పలసూరి ఘాటీ అంతా దిగి ఆసుపత్రికి సమయానికి చేర్చాడు. ఆసుపత్రి గేటు బయటే ఆకస్మిక తనిఖీ జరిగింది. భుజంగరావు గారు రెంచి తగిలించి నొక్కారు. ఇరవై నట్లలో ఒక్కటీ కదల్లేదు. సీటు కింద స్పానరు దొరికింది.

అభియోగపత్రం నేనే రాశాను. ఉద్దేశపూర్వక అనధికార బిగింపు, ప్రభుత్వ నట్లపై అధిక బలప్రయోగం, పోయినదని చెప్పిన స్పానరును కలిగియుండుట, జిల్లా సగటును చెడగొట్టుట. సస్పెన్షను ఉత్తర్వు కూడా దాంతోపాటే టైపు చేశాను. అందుకున్న గంటకు అప్పలసూరి ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చాడు.

“దీనికి జవాబు రాయాలంట గదా. మీరే రాసీండి బాబూ, నాకెవులున్నారు?”

అలా అభియోగమూ నేనే, సంజాయిషీ కూడా నేనే. “ఎందుకు బిగించావు?” అని అడిగాను, పెన్ను పట్టుకుని.

“అదేటి బాబూ అలగడుగుతారు? బండిలో మనుసులుంటారు గదా!”

“భుజం బాగాలేదుగా, ఎలా బిగించావు?”

“ఎడంకాలుతో తొక్కినాను. ఒక్కో సక్రానికీ పావుగంట పట్టీది. నొప్పెడితే కాసేపు కూకునీవోణ్ని.”

‘వాహనమునందు మనుషులుందురని భావించి’ అని రాశాను. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లలో ఆ ఆఫీసులో కూర్చుని సిగ్గుపడటం అదే మొదలు. ఫైలు పైకి వెళ్లింది. ‘భావించుటకు డ్రైవరుకు అధికారము లేదు’ అని పచ్చసిరా రాతతో కిందికి వచ్చింది.

ఆ వారంలోనే కోదండపాణి గారి కొత్త వియ్యాలవారు కొండ మీది జలపాతం చూడ్డానికి దిగారు. పొద్దున్నే ఆయన ఆవరణలోకి వచ్చి, వరసగా నిలబెట్టిన వ్యాన్ల చుట్టూ ఒకసారి తిరిగారు. ఒక చక్రాన్ని బూటు కొసతో తాకి, వెంటనే కాలు వెనక్కి తీసుకున్నారు.

“జగ్గారావ్, ఆ అభియోగమునకు సంబంధించిన వాహనమేది?”

“అదిగోనండి, పదిహేడు. సాక్ష్యం కదాని ఎవరూ ముట్టుకోలేదు. నట్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.”

“గట్టిగానే ఉన్నవా?”

“రెంచితో రావండి.”

ఆయన గొంతు తగ్గించారు. ఆ ఒక్క మాటూ ఫైలు భాషలో రాలేదు. “అల్లుడి తల్లిదండ్రులయ్యా. ఘాటీ రోడ్డు.” వెంటనే సర్దుకున్నారు. “సాక్ష్యమును నా ప్రత్యక్ష పర్యవేక్షణలో ఉంచుట శ్రేయస్కరము. సదరు వాహనమును ఇకమీదట నాకు కేటాయించుచు ఉత్తర్వు పెట్టు. నర్సుకు వేరొకటి ఇమ్ము.”

పెట్టాను. పదిహేడో నంబరు వ్యాను పులిహోర క్యారియర్లతో, నవ్వులతో గేటు దాటింది. సన్యాసమ్మకు ఇరవై నాలుగో నంబరు రాసిచ్చాను.

ఆమె ఆ కాగితం తీసుకుని కదల్లేదు. ఆ రోజు ఇద్దరు నిండు గర్భిణులను కొండ మీది నుంచి దింపాలట, నడిపించి తీసుకురావడానికి లేదట.

“జగ్గారావు గారూ, మీ ఆడకూతురైతే ఈ బండెక్కమంటారా? ఎక్కమంటే ఎక్కెళ్తాను. చెప్పండి” అంది.

ప్రశంసాపత్రం నా వెనక గోడకే ఉంది. గ్రాఫు ఉంది. ఉత్తర్వులు మూడు ఉన్నాయి. ఏది చూపించినా ఆమె అడిగినదానికి జవాబు కాదు. “కాసేపు ఉండమ్మా” అన్నాను.

గేటు బయట టీకొట్టు దగ్గర అప్పలసూరి కూర్చుని ఉన్నాడు. సస్పెన్షనులో ఉన్నా రోజూ వచ్చి అక్కడ కూర్చునేవాడు. అతన్ని పిలిచి, స్టోరు తాళం తీసి స్పానరు చేతికిచ్చాను. అతను భుజం వంక చూసుకుని తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

“నాకింక అవదు బాబూ. మీరే ఎయ్యండి.”

నేనెన్నడూ స్పానరు పట్టి ఎరగను. రెండు చేతులతో లాగితే ముఖాన చెమట పట్టింది గానీ నట్టు తిరగలేదు.

“సేత్తో గాదు, కాలెయ్యండి. బండిని అట్టుకోండి. మెల్లిగా తొక్కండి, గెంతకండి, నాలాగ బుజం పోగలదు. ఒకటి తొక్కినాక పక్కది గాదు, ఎదురుగున్నది తొక్కాల.”

డెబ్బై ఎనిమిది కిలోల మనిషిని. ఆ బరువు అన్నేళ్లుగా కుర్చీకి తప్ప ప్రభుత్వానికి పనికొచ్చింది లేదు. ఒక్కో నట్టూ కిర్రుమని బిగుసుకుంటుంటే వరండాలో గుమాస్తాలందరూ వచ్చి నిలబడ్డారు. ఇరవయ్యో నట్టు అయ్యాక అప్పలసూరి వంగి ఎడంచేత్తో ఒకసారి తడిమి చూసి తలూపాడు. సన్యాసమ్మ పెట్టె వ్యానులో పెట్టుకుని ఎక్కింది. మధ్యాహ్నం రెండింటికల్లా ఆ ఇద్దరు గర్భిణులూ ఆసుపత్రిలో ఉన్నారు.

సాయంత్రం భుజంగరావు గారి తనిఖీ నివేదిక వచ్చింది. ఇరవై నాలుగో నంబరు వాహనంలో అనధికార బిగింపు, బాధ్యులు తెలియరాలేదు. జలపాతం నుంచి క్షేమంగా తిరిగొచ్చిన కోదండపాణి గారు నన్ను పిలిచి, ఆవులిస్తూ, “బాధ్యుని గుర్తించి అభియోగపత్రము సిద్ధము చేయుము” అన్నారు.

పాత అభియోగపత్రమే ముందు పెట్టుకుని కొత్తది టైపు చేశాను. పేరు దగ్గర ‘వై. జగ్గారావు, సీనియర్ అసిస్టెంట్’ అని కొట్టాను. తీసుకెళ్లి ముందు పెడితే ఆయన ఎప్పటిలాగే చదవకుండా సంతకం చేశారు.

దానికి సంజాయిషీ ఇంకా రాసుకోవాలి. పదిహేను రోజుల గడువుంది, అంత తొందరేమీ లేదు. స్టోరు తాళం నా దగ్గరే ఉంది, ఇంకా ముప్పై ఆరు వ్యాన్లు మిగిలి ఉన్నాయి.